కాయిన్ల కోసం కార్డు బాకీ: పోకెమాన్ గోలోనైనా ముందు నిల్వ, ఆ తర్వాతే ఖర్చు

ప్రశ్న: నా వయసు 25. ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర అవుతోంది. అమ్మ నా మీదే ఆధారపడి ఉంది. మూడు నెలల క్రితం పోకెమాన్ గో (బయట తిరుగుతూ పోకెమాన్ అనే జీవులను పట్టుకునే ఫోన్ ఆట) ఆడటం మొదలుపెట్టాను. చూడటానికి బలంగా ఉన్నాయని ర్యాటికేట్, ఫియరో అనే పోకెమాన్‌లను పవర్ అప్ చేస్తూ, అంటే వాటి బలం పెంచుతూ పోయాను. అందుకు ఖర్చయ్యే స్టార్‌డస్ట్ అంతా మొదటి నెలలోనే అయిపోయింది. తర్వాత క్రెడిట్ కార్డుతో కాయిన్లు (ఆటలోని డబ్బు) కొని, గుడ్లు పొదిగే ఇంక్యుబేటర్లు, రిమోట్ రెయిడ్ పాసులు (దూరం నుంచే బలమైన పోకెమాన్‌తో జట్టుగా పోరాడే టికెట్లు) తీసుకున్నాను. కార్డు బాకీ ఇప్పుడు నా నెల జీతంలో సగానికి చేరింది. నెలకు 3 శాతం వడ్డీ పడుతోంది, మినిమం డ్యూ మాత్రమే కడుతున్నాను. ఇంటి ఖర్చులు పోగా జీతంలో నాలుగో వంతు మిగులుతుంది. పొదుపు దాదాపు లేదు. వచ్చే ఈవెంట్ కోసం పే లేటర్‌లో ఇంకో కాయిన్ల ప్యాక్ తీసుకుందామనుకుంటున్నాను. వృథా లేకుండా ఈ ఆట ఎలా ఆడాలి? నెలకు ఎంత బడ్జెట్ పెట్టుకోవచ్చు? ఈ అకౌంట్ వదిలేసి మళ్లీ కొత్తగా మొదలుపెట్టడం మంచిదా?

జవాబు: పే లేటర్‌లో ఆ ప్యాక్ కొనకండి. మిగతాదంతా చదివే ఓపిక లేకపోయినా ఈ ఒక్క మాట వినండి.

మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇలాంటివి నాకు తరచూ వస్తున్నాయి. ఆట పేరు మారుతుంది, తప్పు మాత్రం మారదు. ఏది పనికొస్తుందో ఇంకా తెలియని మొదటి నెలలోనే చేతిలో ఉన్నదంతా ఖర్చు చేస్తారు. అయిపోగానే అప్పు తెచ్చి అదే పని మళ్లీ చేస్తారు. మీరు ముందు స్టార్‌డస్ట్ విషయంలో ఈ పొరపాటు చేశారు, ఆ తర్వాత జీతం విషయంలో చేశారు. స్టార్‌డస్ట్ మళ్లీ వస్తుంది. వడ్డీకి పోయిన జీతం రాదు.

నేనూ ఈ ఆట ఆడతాను కాబట్టి ముందు ఆట సంగతే చెబుతాను.

ఇందులో అన్నిటికంటే జాగ్రత్తగా చూసుకోవాల్సింది స్టార్‌డస్ట్. పోకెమాన్‌ని పెంచడానికి వాడే క్యాండీ ఏ జాతిది ఆ జాతికే. రటాటా (ర్యాటికేట్ మొదటి రూపం) క్యాండీ అంతా తగలేసినా మీ మ్యాజికార్ప్‌కు వచ్చే నష్టం ఏమీ లేదు. స్టార్‌డస్ట్ అలా కాదు, అన్ని అవసరాలకూ అదొక్కటే. పవర్ అప్‌కు కావాలి, రెండో చార్జ్‌డ్ మూవ్ (పెద్ద దాడి) తెరవడానికి కావాలి, ట్రేడింగ్‌కు కావాలి. రెండో మూవ్‌కు జాతిని బట్టి 10,000 నుంచి 1,00,000 దాకా అడుగుతుంది. ఒక పోకెమాన్‌ని మొదటి లెవెల్ నుంచి 40వ లెవెల్‌కు తీసుకెళ్లాలంటే 2,70,000 స్టార్‌డస్ట్ అవుతుంది. మామూలుగా దొరికే మొదటి దశ పోకెమాన్‌ని పట్టుకుంటే వచ్చేది 100. అంటే బోనస్‌లు ఏవీ లేకపోతే ఒక్కదాని కోసం 2,700 పట్టుకోవాలి. అక్కడి నుంచి 50వ లెవెల్‌కు ఇంకో 2,50,000, వాటితో పాటు పై లెవెల్‌లకు వాడే ఎక్స్‌ఎల్ క్యాండీలు 296. ఈ లెక్క ముందే తెలిసి ఉంటే మీరు ర్యాటికేట్ మీద ఆ బటన్ నొక్కేవారు కాదు.

పైగా కొత్తలో పవర్ అప్ చేయడం పూర్తిగా దండగ ఖర్చు. మీ ట్రైనర్ లెవెల్ (ఆటగాడిగా మీ స్థాయి) తక్కువగా ఉన్నప్పుడు బయట దొరికేవి కూడా తక్కువ లెవెల్‌తోనే దొరుకుతాయి. మీరు పైకి వెళ్లేకొద్దీ అదే జాతి ఎక్కువ లెవెల్‌తో ఊరికే ఎదురవుతుంది. రెయిడ్‌లో గెలిచి పట్టుకున్నదైతే 20వ లెవెల్‌తో, వాతావరణం కలిసొస్తే 25తో చేతికొస్తుంది. నాలుగు వారాలు ఆగితే ఉచితంగా వచ్చేదాని కోసం మీరు ఉన్నదంతా ఊడ్చిపెట్టారు. అందుకే కొత్తవాళ్లకు నేను ఒకే మాట చెబుతాను: నిల్వ లక్ష స్టార్‌డస్ట్ దాటేదాకా పవర్ అప్ జోలికి వెళ్లకండి. దాటాక కూడా ఆ లక్షను ముట్టుకోకుండా, పైన వచ్చినదాంతోనే పని కానివ్వండి. మంచి పోకెమాన్ ఎప్పుడు ఎదురవుతుందో ముందుగా తెలియదు. దొరికిన రోజున చేతిలో స్టార్‌డస్ట్ లేకపోతే ఆ టెన్షన్‌లోనే కొత్తవాళ్లు ఆటలోని దుకాణం తెరిచి డబ్బు పెడతారు. మీకు జరిగింది ఇదే.

ఆగినందుకు ఈ ఆట ఎంత ఇస్తుందో చూడండి. మీ దగ్గర లేని లెజెండరీనో (అరుదైన బలమైన పోకెమాన్), షైనీనో (అరుదైన రంగుది) ఆటలో తొలి స్నేహ స్థాయి అయిన గుడ్ ఫ్రెండ్ దగ్గర ట్రేడ్ చేసుకోవాలంటే 10,00,000 స్టార్‌డస్ట్ అడుగుతుంది. అదే మనిషి బెస్ట్ ఫ్రెండ్ అయ్యాక 40,000 చాలు. ఇరవై అయిదో వంతు! ఆ స్థాయికి రావడానికి 90 రోజులు గిఫ్టులు పంపుకోవాలి, లేదా కలిసి ఆడాలి. రోజుకు ఒక్క గిఫ్ట్ తెరిస్తే చాలు, కాయిన్ల అవసరమే లేదు. మొదలుపెట్టిన రోజునే నలుగురైదుగురిని జత చేసుకుని ఉంటే మూడు నెలల మీ ఆటలో ఇప్పటికే ఆ స్థాయికి చేరేవారు. ఇవాళైనా మొదలుపెట్టండి.

క్యాండీ విషయంలో ఒకే జాగ్రత్త: ఎవాల్వ్ చేసే (తర్వాతి రూపానికి మార్చే) ముందు అప్రైజల్ చూడండి, అది అటాక్, డిఫెన్స్, హెచ్‌పీ ఎలా ఉన్నాయో మూడు గీతల్లో చూపిస్తుంది. ఎవాల్వ్ అయినా ఆ మూడు గీతలు మారవు, కాబట్టి బలహీనమైనదాన్ని మార్చితే బలహీనమైనదే పెద్దదవుతుంది. పిడ్జీకి 12 క్యాండీలు కాబట్టి పొరపాటు పడినా పెద్ద నష్టం లేదు. మ్యాజికార్ప్‌కు 400 పోతాయి, అక్కడ తొందరపడితే మళ్లీ కూడబెట్టడానికి చాలా రోజులు పడుతుంది. ఈవీకి పేరు పెట్టి కావాల్సిన రూపం తెచ్చుకునే అవకాశం ఒక్కో పేరుకు ఒక్కసారే ఉంటుంది, దాన్ని మంచి అప్రైజల్ ఉన్న ఈవీ కోసం దాచండి. ఏ జాతికైనా పనికొచ్చే రేర్ క్యాండీలు మామూలు జాతులకు వాడకండి, లెజెండరీలకు ఉంచండి. యుద్ధాల మీద ఆసక్తి ఉంటే 1,500 సీపీ (పోరాట బలం) పరిమితి ఉన్న గ్రేట్ లీగ్‌తో మొదలుపెట్టండి, జట్టు తయారీకి తక్కువ ఖర్చవుతుంది. కాకపోతే అక్కడ అప్రైజల్ లెక్క తిరగబడుతుంది. అటాక్ తక్కువగా ఉండి మిగతా రెండూ నిండుగా ఉన్నవే చాలాసార్లు మేలు. అప్రైజల్‌లో మూడు నక్షత్రాలు లేవని చూడగానే ట్రాన్స్‌ఫర్ చేసి వదిలించుకోకండి.

ఇక కాయిన్లు. జిమ్‌లో (ఆటగాళ్లు తమ పోకెమాన్‌లను కాపలా నిలబెట్టే చోటు) మీ పోకెమాన్ పది నిమిషాలు నిలబడితే ఒక కాయిన్ వస్తుంది, రోజుకు గరిష్ఠంగా 50. అది ఓడిపోయి తిరిగొచ్చిన రోజునే కాయిన్లు జమవుతాయి కాబట్టి నాలుగైదు జిమ్‌లలో పెట్టి, అన్నీ ఒకే రోజు తిరిగొస్తే మిగతా కాయిన్లు పోతాయి. ఇలా వచ్చిన కాయిన్లతో కొనదగ్గది నా దృష్టిలో ఒకటే: నిల్వ స్థలం. 200 కాయిన్లకు 50 ఖాళీలు పెరుగుతాయి, ఎప్పటికీ ఉంటాయి. అది కొనే ముందు కూడా బ్యాగ్ ఒకసారి తెరిచి చూడండి. కొత్తవాళ్ల బ్యాగ్ సగం పోషన్లతో, రివైవ్‌లతో నిండి ఉంటుంది, వాటిని తీసేస్తే సరిపోతుంది. బాల్స్ కోసం కాయిన్లు ఎప్పుడూ పెట్టకండి, మ్యాప్‌లో కనిపించే స్టాపులు తిప్పితే ఉచితంగా వస్తాయి.

ఇంక్యుబేటర్లు మీరు ఎలా వాడారో రాయలేదు. ఎప్పటికీ అరగని ఇంక్యుబేటర్ ఒకటి ఆట మొదట్లోనే ఇస్తుంది, చిన్న గుడ్లు అందులో పెట్టండి. మూడుసార్లకే అయిపోయేదాంట్లో 2 కిలోమీటర్ల గుడ్లు పెడితే 6 కిలోమీటర్ల నడకకే దాని పని ముగుస్తుంది. 10 కిలోమీటర్ల గుడ్లు పెడితే 30 కిలోమీటర్లు పనికొస్తుంది. అయినా గుడ్డులోంచి ఏం వస్తుందన్నది మీ చేతిలో లేదు. డబ్బు పెట్టి అదృష్టాన్ని పరీక్షించుకోవడాన్ని నేను ఏ ఆటలోనూ సమర్థించను. కొన్ని ఆటల్లో లోపల ఏముందో చెప్పకుండా డబ్బుకు అమ్మే లూట్ బాక్సులు జూదం చట్టం కిందికే వస్తాయని బెల్జియం జూద నియంత్రణ కమిషన్ 2018లోనే తేల్చింది. రిమోట్ రెయిడ్ పాస్ ధరను 2023 ఏప్రిల్‌లో 100 కాయిన్ల నుంచి 195కు పెంచారు. అంటే జిమ్‌లలో నాలుగు రోజుల సంపాదన ఒక్క పాస్‌కు పోతుంది, గెలిచినా పోకెమాన్ బంతిలోంచి తప్పించుకుని పారిపోవచ్చు. జిమ్ తిప్పితే రోజూ ఒక పాస్ ఊరికే వస్తుంది, దాంతో సరిపెట్టుకోండి. ఈవెంట్ తప్పిపోతుందన్న భయం వద్దు. రెయిడ్లలోకి లెజెండరీలు మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటాయి.

ఇప్పుడు అసలు సంగతి. మీ కార్డు మీద 100 బాకీ ఉందనుకోండి. మినిమం డ్యూ కింద 5 కడితే అందులో 3 వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 2. బాకీ ఇలా నడుస్తున్నప్పుడు ఆ కార్డు మీద కొత్తగా ఏం కొన్నా సాధారణంగా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, వడ్డీ లేని గడువు వర్తించదు. అంటే మీరు గత నెల కొన్న ఇంక్యుబేటర్‌కు, అది అరిగిపోయి మాయమయ్యాక కూడా, వడ్డీ కడుతున్నారు. దీని మీద పే లేటర్ కూడా చేరిస్తే కట్టాల్సిన తేదీలు రెండవుతాయి. ఒకటి తప్పితే ఆలస్య రుసుము, క్రెడిట్ స్కోరు మీద మచ్చ. పే లేటర్ వాళ్లు చెప్పే 'మూడు వాయిదాల్లో కట్టొచ్చు' అన్న మాట మీ సౌకర్యం కోసం కాదు, మీరు కొనడం కోసం. ఆటలో వస్తువుల కోసం అప్పు చేయడాన్ని నేను ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోను. కొన్నది ఆస్తి కూడా కాదు. ఈ ఆటను తయారుచేసిన నియాంటిక్ సంస్థే నడిపిన హ్యారీ పాటర్: విజార్డ్స్ యునైట్ 2022 జనవరి 31న మూతపడింది. ఆడినవాళ్లు కొనుక్కున్నవన్నీ ఆ రోజుతో పోయాయి.

మీ మిగులు జీతంలో నాలుగో వంతు, బాకీ జీతంలో సగం. మిగులంతా కార్డుకే కడితే రెండు నెలల్లో అసలు తీరుతుంది, వడ్డీ కొసరు మూడో నెల మొదట్లో పోతుంది. అప్పటిదాకా ఆటకు బడ్జెట్ సున్నా. యాప్ స్టోర్ నుంచి కార్డు వివరాలు ఇవాళే తీసేయండి. కార్డు సేవ్ అయి ఉన్నంతకాలం కొనడం ఒక్క వేలిముద్ర పని, ఈవెంట్ ముగిసే గంటలో ఎంత గట్టి నిర్ణయమైనా సడలిపోతుంది.

బాకీ తీరిన నెల నుంచి అదే నాలుగో వంతు అత్యవసర నిధికి వెళ్లాలి. ఇందులో బేరం లేదు. మీ ఇంటి ఖర్చు జీతంలో మూడు వంతులు కాబట్టి మూడు నెలలు దాస్తే ఒక నెల ఖర్చు చేతిలో ఉంటుంది. ఆరు నెలల ఖర్చు కావాలంటే ఏడాదిన్నర పడుతుంది. ఎక్కువ కాలమని అనిపించొచ్చు. కానీ ఈ నెల జీతం ఆగితే వచ్చే నెల ఇంటి అద్దె ఎలా కడతారో ఆలోచించండి. అమ్మకు హఠాత్తుగా ఆసుపత్రి ఖర్చు వస్తే ఏం చేస్తారు? ఇప్పుడు మీకున్న దారి ఆ కార్డొక్కటే, దాని పరిమితినీ కాయిన్లే తినేస్తున్నాయి. మీ మీద ఇంకో మనిషి ఆధారపడి ఉన్నప్పుడు మీకు నిధి లేకపోవడం నాకు కార్డు బాకీ కంటే ఎక్కువ భయం కలిగిస్తోంది. జీతం పడే ఖాతాలో కాకుండా వేరే ఖాతాలో, జీతం వచ్చిన మర్నాడే ఆటోమేటిగ్గా వెళ్లేలా పెట్టండి. బోనస్ వస్తే మొత్తం అందులోకే. అమ్మకు ఆరోగ్య బీమా, మీకు టర్మ్ పాలసీ లేకపోతే నిధి మొదలుపెట్టిన నెలలోనే తీసుకోండి. మ్యూచువల్ ఫండ్లు, షేర్ల గురించి ఇప్పుడు మాట్లాడే అవసరమే లేదు.

నెల బడ్జెట్ అడిగారు. ఒక నెల ఖర్చు నిధిలో చేరాక, మిగులులో ఇరవయ్యో వంతు మించకుండా ఆటకు పెట్టుకోండి. అది కూడా ముందే డబ్బు చెల్లించి తీసుకునే గిఫ్ట్ కార్డు రూపంలో ఉండాలి. అయిపోతే ఆ నెలకు అంతే. ఒక నెల వాడకపోతే తర్వాతి నెలకు కలపకండి, నిధిలో వేయండి.

ఇక అకౌంట్ సంగతి. వదిలేయకండి. పోయింది స్టార్‌డస్ట్ మాత్రమే. మూడు నెలల్లో పెరిగిన మీ ట్రైనర్ లెవెల్, క్యాండీలు అలాగే ఉన్నాయి, అవి కొత్త అకౌంట్‌కు రావు. లెవెల్ ఎక్కువున్న అకౌంట్ కొనుక్కోమని ఎవరైనా చెబితే అటు పోకండి, నిబంధనలకు విరుద్ధం, నిషేధం పడితే డబ్బూ ఆటా రెండూ పోతాయి. ర్యాటికేట్‌ని ట్రాన్స్‌ఫర్ చేసినా అందులో పోసిన స్టార్‌డస్ట్ తిరిగిరాదు కాబట్టి దాన్ని జిమ్‌లలో నిలబెట్టి కాయిన్లకు వాడుకోండి. రోజూ కనీసం ఒక్కటి పట్టుకోండి, మొదటి పట్టుకు బోనస్ ఉంటుంది, వరుసగా ఏడో రోజు ఇంకా ఎక్కువ వస్తుంది. స్టార్ పీస్ ఉంటే వృథాగా వెలిగించకండి. అది అరగంట పాటు స్టార్‌డస్ట్‌ను సగం పెంచుతుంది, కాబట్టి కమ్యూనిటీ డే లాంటి రోజున, ఎదురుగా పోకెమాన్‌లు గుంపుగా ఉన్నప్పుడే వాడండి. కార్డు బాకీ తీరే ఈ రెండు నెలల్లో, ఒక్క కాయిన్ కొనకుండా, ఆ లక్ష నిల్వకు చాలా దగ్గరగా వచ్చేస్తారు.