32 రెట్లు ఎందుకు కొడుకా

కొడుకా,

నువ్వు పంపిన నాలుగు రైఫిల్ స్కోపుల (గురి చూసే దుర్భిణుల) ఫొటోలు చూశాను. నీ మనసు 8-32 మీదే, అంటే బొమ్మను 8 నుంచి 32 రెట్ల దాకా పెద్దది చేసే దాని మీదే ఉందని మొదటి ఫొటోకే తెలిసిపోయింది. పశ్చిమ టెక్సాస్‌లో స్నేహితుడి రాంచ్, 300 గజాల దూరం, బొరియల మీద నిలబడే ప్రెయిరీ డాగ్‌లు (ఉడత జాతి చిన్న జంతువులు) అంటున్నావు. ఆ పనికి 32 రెట్లు అక్కర్లేదు.

స్కోపు కన్నా ముందు ఇంకొకటి. నీది హెచ్-1బీ. అలాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లే హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. నేను విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు కూడా లైసెన్సు జేబులో పడ్డాకే మీ అన్న రైఫిల్ ముట్టుకున్నాను. ఇక్కడైతే మక్క చేను మొత్తం తొక్కిన అడవి పందిని కూడా అనుమతి లేకుండా కొట్టరాదు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది. అక్కడ వేట ఉంది కదా అని కాగితాలు మరవకు.

మీ అన్న కూడా నీలాగే 8-32 కొన్నాడు. పొద్దున బాగానే కనిపించింది. పదకొండు దాటాక బొమ్మ మసిలే నీళ్లలో ఉన్నట్టు ఊగడం మొదలైంది. మే నెలలో ములుగు రోడ్డు మీద నీళ్లు నిలిచినట్టు కనిపిస్తుంది చూడు, అదే ఎండమావి. రెట్లు పెంచితే జంతువుతో పాటు ఆ వేడిగాలి ఆట కూడా పెద్దదవుతుంది. చివరికి 12కు దించుకుని కాల్చాడు, మిగతా 20 రెట్లకు పెట్టిన డబ్బు దండగ. తక్కువ రెట్లలో అదే ఎండమావి పనికొస్తుంది కూడా. అది ఏ పక్కకు పారుతుందో చూస్తే గాలి ఎటు వీస్తుందో తెలుస్తుంది. .223 అనే సన్న తూటా గుండు చిన్నది, 300 గజాల్లో గాలి దాన్ని బాగానే నెడుతుంది.

అందుకే 4-16 తీసుకో, ముందు అద్దం 44 లేదా 50 మిల్లీమీటర్లు. ముందు అద్దాన్ని రెట్లతో భాగిస్తే నీ కంటికి చేరే వెలుగు వలయం ఎంతో తెలుస్తుంది. 50ని 10తో భాగిస్తే 5 మిల్లీమీటర్లు, 25తో భాగిస్తే 2. సాయంత్రం మసకలో ఆ 2తో ఏం కనిపిస్తుంది?

పక్కన పారలాక్స్ నాబ్, అంటే దూరానికి తగ్గట్టు స్కోపులోని క్రాస్ గీతలను గురితో కుదిర్చేది, తప్పక ఉండాలి. రైఫిల్‌ను ఇసుక సంచుల మీద కదలకుండా పెట్టి తల కొంచెం అటూ ఇటూ జరుపు. క్రాస్ గురి మీద నుంచి జరిగితే నాబ్ సరిగా తిప్పలేదన్నమాట. క్రాస్ సన్నగా ఉండాలి, లావుగా ఉంటే అంత చిన్న జంతువు దాని వెనకే దాక్కుంటుంది. సెకండ్ ఫోకల్ ప్లేన్ (రెట్లు మార్చినా క్రాస్ సైజు మారని రకం) అయితే క్రాస్ మీది గీతల లెక్క ఒక్క మాగ్నిఫికేషన్‌లోనే నిజం, మామూలుగా అది పై చివరిది. టరెట్ (గురిని పైకీ కిందికీ, పక్కలకూ జరిపే మర) ఒక్కో క్లిక్‌కు పావు ఎంఓఏ (కోణం కొలత) అంటే 100 గజాల్లో పావు అంగుళం, 300 గజాల్లో ముప్పావు.

కొన్నాక ఒక పరీక్ష చెయ్యి. కాగితం మీద ఒక గుండు కాల్చి, టరెట్లను 20 క్లిక్కులు పైకి, కుడికి, కిందికి, ఎడమకు తిప్పుతూ ప్రతి మలుపులో ఒకటి కాల్చు. చివరి గుండు మొదటి రంధ్రం దగ్గరికి రాకపోతే ఆ స్కోపు వాపసు ఇచ్చెయ్యి, బ్రాండ్ పేరు చూసి మొహమాటపడకు.

స్కోపును రైఫిల్‌కు పట్టి ఉంచే రింగుల మీద మాత్రం పిసినారితనం వద్దు. ఆర్మీలో ఇన్నేళ్లు రైఫిల్ పట్టినవాణ్ణి, నేనే ఒకసారి మీ అన్న దగ్గర 20 తూటాల డబ్బా మొత్తం ఖర్చు చేసి స్కోపును తిట్టుకున్నాను. చూస్తే కింద బేస్ స్క్రూ వదులు. స్క్రూలను సరైన బిగువుతో బిగించే టార్క్ రెంచ్ కొనకు, మీ అన్న దగ్గర నాది ఉంది. వాడు ఇవ్వనంటే నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దబాపు,
హనుమకొండ