నీళ్లు తగ్గించకు తల్లీ

అమ్మడూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. మోకాలి కింద పెద్ద ఎముకకి రాడ్ వేశారని, ఎల్లుండి డిశ్చార్జ్ అని, ఇంటికెళ్లి ఒక్కదాన్నే ఉంటానని నువ్వు పట్టుబట్టావని చెప్పాడు. "నువ్వైనా చెప్పక్కా, నా మాట వినదు" అన్నాడు. వద్దనడానికి నేనిది రాయడం లేదు. నీ ఇల్లు, నీ మంచం, నీ పద్ధతి నీకు కావాలనిపించడంలో తప్పేముంది? ఆపరేషనైన నాలుగో రోజునే అంత ధైర్యంగా అనగలిగావంటే నాకు లోపల గర్వంగానే ఉంది. కానీ ఎముకల వార్డులో ఇన్నేళ్లు పనిచేసినదాన్ని కదా, రాత్రంతా కన్ను మూతపడలేదు. అందుకే తెల్లారకముందే రాయడం మొదలుపెట్టాను.

డిశ్చార్జ్ కాగితం ఇచ్చేటప్పుడు మూడు సంగతులు అడిగి దాని మీదే రాయించుకో. ఆ కాలి మీద ఎంత బరువు మోపొచ్చు? అసలు ఆనకూడదా, వేళ్లు మాత్రం ఆనించొచ్చా, సగం బరువు వెయ్యొచ్చా? "జాగ్రత్తగా నడవండి" అంటే ఊరుకోకు, దానితో నీకేం తెలియదు. రెండోది, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు ఎన్ని రోజులు వాడాలి. మూడోది, అర్ధరాత్రి ఏదైనా అయితే ఏ నంబరుకి చెయ్యాలి. కుట్లు మామూలుగా 10 నుంచి 14 రోజుల్లో తీస్తారు, ఆ తేదీ కూడా వేయించుకో.

ఇంట్లో కాళ్లకి అడ్డంపడే పట్టాలు, వైర్లు తీయించెయ్యి. చేతులున్న గట్టి కుర్చీ ఒకటి ఉంచుకో, మెత్తటి సోఫాలో కూర్చుంటే లేవలేవు. తాళంచెవి ఒకటి పక్కింటివాళ్లకి ఇవ్వు. ఫోన్ చిన్న సంచిలో వేసి మెడలో వేసుకో. మంచం మీదుంటే మంచం మీద కాదు, ఎప్పుడూ మెడలోనే.

చంకకర్రలు ఇచ్చినవాళ్లు కొలత సరిచూడకుండానే పంపేస్తుంటారు. నువ్వే చూసుకో. నిటారుగా నిలబడితే కర్ర పైభాగానికీ చంకకీ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. పిడి మణికట్టు ఎత్తులో ఉండాలి, పట్టుకుంటే మోచెయ్యి కొంచెం వంగాలి. బరువంతా అరచేతుల మీదే పడాలి. అలసిపోయి చంకల మీద వేలాడావంటే అక్కడి నరం నలిగి చెయ్యి తిమ్మిరెక్కుతుంది, ముదిరితే మణికట్టు పైకి లేవదు. కర్ర బోర్లించి అడుగున రబ్బరు తొడుగు చూడు. గీతలు అరిగి నున్నగా అయిపోతే ఆ రోజే మార్పించు. తడినేల మీద నిన్ను నిలబెట్టేది ఆ గీతలే. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, ఆ తర్వాత దెబ్బ కాలు, కర్రలు. దిగేటప్పుడు కర్రలు, దెబ్బ కాలు ముందు, మంచి కాలు వెనక. భయమేస్తే కూర్చుని ఒక్కో మెట్టూ జరుగుతూ దిగు, అందులో నామోషీ ఏమీ లేదు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. ఇంట్లో ఒంటరిగా కోలుకునేవాళ్లు ఎవరికీ చెప్పకుండా చేసే తప్పొకటుంది. నీళ్లు తాగడం తగ్గించేస్తారు.

నువ్వూ చేస్తావని నాకెందుకు అనుమానమంటే, ఏడేళ్లప్పుడు బస్సు ప్రయాణమంటే పొద్దున్నుంచీ చుక్క నీళ్లు ముట్టేదానివి కాదు. దారిలో బస్సు ఆపమని అడగాల్సొస్తుందని నీ భయం. దిగేసరికి పెదాలు ఎండిపోయి, తలనొప్పితో నా ఒళ్లో వాలిపోయేదానివి. అడిగితే "దాహం వెయ్యలేదత్తా" అనేదానివి. ఇప్పుడు బస్సు లేదు, ఆపమని అడగాల్సిన డ్రైవరూ లేడు, కానీ బాత్రూంకి వెళ్లిరావడమంటే అలాంటి పనే. లేవాలి, కర్రలు అందుకోవాలి, తలుపు తీయాలి, కూర్చోవాలి, మళ్లీ లేవాలి, అదంతా ఒంటికాలి మీద. అందరూ వేసుకునే లెక్క ఒకటే: తాగకపోతే రోజుకి రెండుసార్లతో సరిపోతుంది కదా.

మొదటిరోజు ఆ లెక్క సరిపోయినట్టే ఉంటుంది. కానీ నొప్పికిచ్చే ట్రమడాల్ లాంటి మందులు పేగుల కదలికని నెమ్మదింపజేస్తాయి. నీళ్లు కూడా తగ్గాయంటే మలం రాయైపోతుంది. మూడోరోజుకి కడుపు ఉబ్బి ఆకలి చచ్చిపోతుంది, ఎముక అతుక్కోడానికి తిండి కావాల్సిన రోజుల్లోనే తిండి మానేస్తావు. మూత్రం చిక్కబడి మంట, ఆపైన జ్వరం. ఒంట్లో నీరు తక్కువైతే లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి, అదే మందుకి మత్తు కూడా ఉంటుంది కాబట్టి రెండూ కలిసి నిన్ను కింద పడేస్తాయి. మరోవైపు కదలని కాలి సిరల్లో రక్తం నిదానంగా పారుతుంది, ఒళ్లు ఎండిపోతే గడ్డకట్టే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఒక్క నీళ్లు మానేసినందుకు ఇన్ని. వార్డుకి తిరిగొచ్చినవాళ్లలో చాలామంది కాలు బాగానే ఉండేది తల్లీ. తక్కినదంతా పాడయ్యేది.

అందుకని ఇలా చెయ్యి. అర లీటరు సీసాలు నాలుగు పెట్టుకో. మూత గట్టిగా బిగిసేవి కావాలి, ఎందుకంటే కర్రలు పట్టుకున్నాక గ్లాసు పట్టుకోడానికి చెయ్యి మిగలదు. అడ్డంగా వేసుకునే భుజంసంచిలో ఒకసారికి ఒక్క సీసా. లీటరుది వేశావంటే బరువు ఒకవైపుకి లాగి తూలుతావు. ఎవరైనా వచ్చినప్పుడు నాలుగూ నింపించి, రెండు మంచం దగ్గర, రెండు కుర్చీ దగ్గర పెట్టించుకో. మూడు సీసాలు సాయంత్రం లోపల ఖాళీ అవ్వాలి. నాలుగోది భోజనంతో, రాత్రి మాత్రలతో. పడుకునే ముందు రెండు గంటలూ గుక్కలతో సరిపెట్టు. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే చాలు, ముదురుగా ఉంటే తక్కువైనట్టే. నీకు గుండెజబ్బు, కిడ్నీజబ్బు లేవు కాబట్టి ఈ లెక్క చెబుతున్నాను. అవి ఉన్నవాళ్లకైతే డాక్టరు చెప్పిన కొలతే.

దారి కష్టమైతే దారిని బాగుచేసుకోవాలి గానీ నీళ్లు మానకూడదు. మంచం పక్కన కమోడ్ కుర్చీ వేయించుకో. సిగ్గుపడకు, మొదటి రెండు వారాలకి అంత మేలు చేసే సామాను ఇంకోటి లేదు. పగలు మూడు గంటలకోసారి, రాకపోయినా వెళ్లు. తొందర పుట్టాక లేస్తే పరుగు వస్తుంది, ఒంటికాలి మీద పరుగంటే పడటమే. విరేచనం సాఫీగా అవడానికి మందు డిశ్చార్జప్పుడే అడిగి రాయించుకో. నీళ్లు తాగకుండా పీచుపొడి మింగితే ఇంకా గట్టిపడుతుంది. మూడు రోజులు కాకపోతే నాలుగో రోజు కోసం చూడకుండా డాక్టరుకి చెప్పు.

బాత్రూంలో తువ్వాలు వేసుకునే కడ్డీని పట్టుకోకు, నీ బరువుకి అది గోడలోంచి ఊడొస్తుంది. గోడకి లోతుగా బిగించిన పట్టుకడ్డీ వేరే ఉంటుంది, అది పెట్టించుకో. స్నానం బల్ల మీద కూర్చునే చెయ్యాలి, గాయం తడపొచ్చని డాక్టరు చెప్పేదాకా కట్టు తడవకూడదు. లోపల గడియ మాత్రం పెట్టకు. తలుపు లోపలికి తెరుచుకునేదైతే, దాని వెనకే పడిపోతే బయటివాళ్లు తోసినా తెరుచుకోదు. ఇంట్లో నువ్వొక్కదానివే కదా, ఎవరికోసం మూస్తావు తలుపు? తెరిచే ఉంచు.

రాత్రి లేవడం గురించి ఓపిగ్గా చదువు. నిద్రమత్తులో ఒంటికి కాలు విరిగిన సంగతి గుర్తుండదు. పాత అలవాటు కొద్దీ రెండు పాదాలూ నేల మీద పెట్టేసి లేచేస్తుంది. అందుకని లైటు స్విచ్చి పడుకునే చేతికి అందాలి, లేదా చిన్న దీపం రాత్రంతా వెలగాలి. ముందు లైటు. తర్వాత లేచి మంచం అంచున కూర్చుని, రెండు పాదాలూ చీలమండ దగ్గర పైకీ కిందికీ ఇరవైసార్లు ఆడించు, పిక్కల్లోంచి రక్తం పైకి వెళ్తుంది. రెండు నిమిషాలు అలాగే ఉండు. తల తేలిగ్గా అనిపిస్తే మళ్లీ పడుకో. బాగుంటే కర్రలు అందుకుని మంచి కాలి మీద లే, లేచాక ఓ పది అంకెలు లెక్కపెట్టి అప్పుడు అడుగు వెయ్యి. మడమ దగ్గర పట్టీ ఉన్న చెప్పులే వేసుకో.

నొప్పి మాత్రలు నొప్పి ముదిరాక కాదు, చెప్పిన వేళకి వేసుకో. పారాసిటమాల్ 24 గంటల్లో 4 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాములవి ఎనిమిది దాటకూడదు. డాక్టరు అంతకన్నా తక్కువ రాస్తే అదే లెక్క. జలుబు మాత్రల్లోనూ, కొన్ని ట్రమడాల్ మాత్రల్లోనూ అదే కలిసి ఉంటుంది, అట్ట మీద చదివి కలిపి లెక్కించు. గడ్డకట్టకుండా మందు వాడుతున్నప్పుడు అడక్కుండా ఇంకో నొప్పి మాత్ర వేసుకుంటే రక్తస్రావం కావచ్చు.

దిండు మోకాలి కింద పెట్టుకోకు. హాయిగా ఉంటుంది, నిజమే. కానీ వారాల తరబడి వంచి ఉంచితే మోకాలు పూర్తిగా చాపుకోదు, తర్వాత దాన్ని సాగదీయడానికి నెలలు పడుతుంది. రెండు మూడు దిండ్లు పిక్క నుంచి మడమ దాకా పొడవుగా పేర్చి, పాదం గుండె కన్నా ఎత్తులో ఉండేలా పడుకో. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి పాదాలు ఆడించు. ఐస్ పెడితే బట్టలో చుట్టి 15 నిమిషాలు, చర్మం మీద నేరుగా వద్దు.

ఇవి కనిపిస్తే నాకు కాదు, ముందు ఆసుపత్రికి ఫోన్ చెయ్యి. మాత్ర వేసుకున్నా నొప్పి పెరుగుతూ పోయి, పిక్క రాయిలా బిగిసి, కాలివేళ్లు కదిపితే ప్రాణం పోయినట్టున్నా, పాదం చల్లబడి నీలంగా మారినా గంటలు కూడా ఆగకూడదు. పిక్క వాచి వేడిగా ఉన్నా, గాయం చుట్టూ ఎరుపు పాకి చీము వచ్చినా, జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా అదే రోజు. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, దగ్గులో రక్తం వస్తే అంబులెన్సే, ఆలోచించొద్దు.

ఒకవేళ పడితే గబుక్కున లేవకు. కదలకుండా ఊపిరి తీసుకుని, కొత్తగా ఎక్కడ నొప్పి ఉందో చూసుకో. దెబ్బ కాలు వంకర తిరిగినట్టున్నా, రక్తం కారుతున్నా అక్కడే ఉండి ఫోన్ చెయ్యి. ఏమీ లేకపోతే దెబ్బ కాలు చాచి, వెనక్కి చేతులు ఆనించి, కూర్చునే జరుగుతూ గట్టి కుర్చీ దాకా వెళ్లు. దాని మీద చేతులు వేసి, మంచి మోకాలు మడిచి, దాని బలంతోనే పైకి లే. రెండుసార్లు ప్రయత్నించి లేవలేకపోతే ఆపేసి దుప్పటి లాక్కుని కప్పుకో, తాళంచెవి ఉన్నవాళ్లని పిలువు. ఫోన్ మెడలో ఎందుకన్నానో అప్పుడు తెలుస్తుంది.

ఆ ఎముక పూర్తిగా అతుక్కోడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. రెండో నెలలో నొప్పి పోయింది కదా అని నీ అంతట నువ్వే కర్రలు పక్కన పెట్టకు, ఎక్స్‌రే చూసి డాక్టరు చెప్పాలి. అది నేను మళ్లీ గుర్తుచేస్తాలే.

పొద్దున 7కి, రాత్రి 9కి నాకు ఫోన్ చెయ్యి. అరగంట ఆలస్యమైతే పక్కింటివాళ్లని తాళం తీసి చూడమంటాను, కోప్పడకు. బాగున్నావా అని అడగను, అడిగితే బాగున్నాననే అంటావు. ఎన్ని సీసాలయ్యాయో అడుగుతాను. నిజం చెప్పాలి తల్లీ.

మీ అత్త