సమాధానం: సర్వేతో కారణం తేలుతుందా?

"తక్కువ నిద్రపోయేవాళ్లకి మార్కులు తగ్గాయి, కాబట్టి నిద్రలేమే కారణం" అని మీ సర్వే రిపోర్టులో రాస్తే గైడ్ కొట్టేశారన్నారు కదా. కొట్టేయడం సబబేనండీ. సర్వే చెప్పేది సహసంబంధం వరకే, అంటే రెండూ కలిసి మారుతున్నాయని మాత్రమే. నిద్ర గంటలకీ మార్కులకీ సహసంబంధ గుణకం (ఆ సంబంధం ఎంత గట్టిదో చెప్పే అంకె, గరిష్ఠంగా 1) 0.9 వచ్చినా అంతే. పరీక్షల టెన్షనే ఇటు నిద్రనీ అటు మార్కుల్నీ చెడగొట్టి ఉండొచ్చు. మార్కులు తగ్గాయన్న దిగులుతోనే నిద్ర పట్టకపోయి ఉండొచ్చు కూడా.

కారణం తేల్చాలంటే ప్రయోగం చెయ్యాలి. సమ్మతి తీసుకుని, చీటీలేసి అందర్నీ రెండు గుంపులు చెయ్యండి. ఒక గుంపు 8 గంటలు, రెండోది 5 గంటలు పడుకోవాలి. పొద్దున్నే అందరికీ ఒకే పదాల జాబితా చదవనిచ్చి, కాసేపాగి ఎన్ని గుర్తున్నాయో లెక్కపెట్టండి. అసలు కిటుకు ఆ చీటీల్లోనే ఉంది. నచ్చిన గుంపులోకి వెళ్లనిస్తే టెన్షన్ ఎక్కువున్నవాళ్లు ఒకే గుంపులో చేరిపోవచ్చు, కథ మళ్లీ మొదటికొస్తుంది.

అంత టైం లేదంటారా? "కారణం" తీసేసి "సంబంధం కనిపించింది" అని మార్చండి, చాలు.