చైనాలో మరణశిక్షలు, మీ ఫండ్‌లో 3.6 లక్షలు

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మ్యూచువల్ ఫండ్లలో మొత్తం 16 లక్షలు ఉంటే, అందులో 3.6 లక్షలు ఒక గ్రేటర్ చైనా ఫండ్ ఆఫ్ ఫండ్‌లో (ఇంకో ఫండ్‌లో డబ్బు పెట్టే ఫండ్) ఉన్నాయి. 2021 ఫిబ్రవరిలో ఒకేసారి 3.5 లక్షలు పెట్టాను. సగం దాకా పడిపోయి ఇప్పుడిప్పుడే అసలు దాటింది. "చైనాలో లంచం తిన్నవాడి ప్రాణమే తీసేస్తున్నారు, అక్కడి కంపెనీలన్నీ క్లీన్ అయిపోతున్నాయి, ఎఫ్‌డీ తీసి ఇంకో 4 లక్షలు పెట్టెయ్ బావా" అంటున్నాడు మా బావమరిది. పాప తొమ్మిదో తరగతి. నాలుగేళ్లలో ఇంజినీరింగ్ ఫీజులు మొదలవుతాయి. ఏం చేయమంటారు?

జవాబు: ఎఫ్‌డీ ముట్టుకోకండి. చైనా ఫండ్‌లో ఉన్నదాంట్లో కూడా ఎక్కువ భాగం బయటికి తీసేయండి. లెక్క కింద చెబుతాను. ముందు మీ బావమరిది వాదన చూద్దాం, వాట్సాప్ పుణ్యమా అని ఈ మాట ఇప్పుడు చాలామంది నోట వింటున్నాను.

ఆయన అన్నది అబద్ధం కాదు. షీ జిన్‌పింగ్ 2012 చివర్లో పార్టీ పగ్గాలు పట్టాక మొదలైన 'పులులు, ఈగలు' వేట, అంటే పెద్ద నాయకుల నుంచి చిన్న ఉద్యోగుల దాకా అవినీతిపరులను పట్టుకోవడం, ఇప్పటికీ ఆగలేదు. పార్టీలో అన్నిటికంటే పైనుండే పొలిట్‌బ్యూరో స్టాండింగ్ కమిటీలో కూర్చున్న జౌ యోంగ్‌కాంగ్‌కే 2015లో యావజ్జీవం పడింది. బ్యాంక్ ఆఫ్ చైనా మాజీ ఛైర్మన్ లియూ లియాంగేకి 2024లో రెండేళ్ల వాయిదాతో మరణశిక్ష వేశారు (ఈ రెండేళ్లు బుద్ధిగా ఉంటే అది సాధారణంగా యావజ్జీవంగా మారుతుంది). 2024 ఫిబ్రవరి దాకా అక్కడి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థను నడిపిన యీ హుయ్‌మాన్ మీద 2025 సెప్టెంబరులో విచారణ ప్రకటించారు. మనకు సెబీ ఎంతో, వాళ్లకు ఆ సంస్థ అంత.

కానీ దొంగను పట్టుకోవడం వేరు, ఆ కంపెనీ షేరు పట్టుకున్నవాడి డబ్బు నిలవడం వేరు. దీనికి హువారోంగ్‌ను మించిన ఉదాహరణ నాకు కనబడదు. బ్యాంకుల మొండి బాకీలు వసూలు చేయడానికి 1999లో పెట్టిన ప్రభుత్వ సంస్థ అది. అప్పట్లో మెజారిటీ వాటా సాక్షాత్తూ ఆర్థిక శాఖదే. 2015లో హాంకాంగ్‌లో లిస్ట్ అయింది. ఛైర్మన్ లై షావోమిన్ తీసుకున్న లంచాలు దాదాపు 178.8 కోట్ల యువాన్లని కోర్టు తేల్చింది. బీజింగ్‌లోని ఒక ఫ్లాట్‌లో 20 కోట్ల యువాన్లకు పైగా నోట్ల కట్టలు బీరువాల్లో దొరికాయి. ఆ ఫ్లాట్‌ను ఆయన 'సూపర్‌మార్కెట్' అని పిలుచుకునేవాడట. ఖర్చు పెట్టే ధైర్యం లేక అక్కడే ఉంచేశానని టీవీలో తనే చెప్పాడు.

ఇక తేదీలు చూడండి, మీరు అకౌంట్స్ మనిషి కాబట్టి వెంటనే పట్టేస్తారు. ఆయన మీద విచారణ మొదలైంది 2018 ఏప్రిల్‌లో. మరణశిక్ష అమలైంది 2021 జనవరి 29న. వార్షిక లెక్కలు ఇవ్వలేక కంపెనీ షేరు ట్రేడింగ్ ఆగిపోయింది ఆ తర్వాత, 2021 ఏప్రిల్ 1న. 2020కి నష్టం 10 వేల కోట్ల యువాన్లకు పైనే అని బయటపడింది ఆగస్టులో. ట్రేడింగ్ మళ్లీ తెరిచింది 2022 జనవరిలో, తెరిచిన రోజే షేరు సగానికి పడింది. అంటే నేరస్థుడు దొరికి, శిక్ష కూడా అయిపోయాక వాటాదారుడి అసలు కష్టాలు మొదలయ్యాయి. పైగా తొమ్మిది నెలలు నష్టానికైనా అమ్ముకునే వీల్లేదు.

మన సత్యం కుంభకోణంతో పోల్చి చూడండి. 2009 జనవరి 7న షేరు ఒక్కరోజులో 180 రూపాయల దగ్గర నుంచి 40కి వచ్చింది, ఘోరమే. అయినా ఆ రోజే అమ్ముకోగలిగారు. వారం తిరగకముందే కేంద్రం కొత్త బోర్డును వేసింది.

చైనాలో అవినీతి కేసులు చూసే పార్టీ క్రమశిక్షణ సంఘం ఎవరినైనా విచారణకు తీసుకెళితే నెలల తరబడి లాయరును కూడా కలవనివ్వరు. కొన్నిసార్లు కంపెనీకే సంగతి తెలియదు. చైనా రినైసాన్స్ అనే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు 2023 ఫిబ్రవరిలో, మా ఛైర్మన్ బావ్ ఫాన్ అందుబాటులోకి రావడం లేదని ప్రకటన ఇచ్చింది. ఏప్రిల్ నుంచి ఏడాదిన్నర దాకా ఆ షేరులో ట్రేడింగే లేదు. ఎవరు ఎప్పుడు పులి అవుతారో పార్టీ చెబితే తప్ప తెలియని చోట, బ్యాలెన్స్ షీట్ చదివి ముందే జాగ్రత్త పడడం మీలాంటి వాళ్లకు కూడా కష్టమే.

ఇంకో తిరకాసు ఉంది. అవినీతి వేట వల్ల షేరు ప్రతిసారీ పెరుగుతుందని లేదు, ఒక్కోసారి ఆ వేటే దాన్ని పడగొడుతుంది. మౌతాయ్ మద్యం కంపెనీ చైనా ఫండ్లలో తరచూ కనిపించే పేరు. 2018 నుంచి 2023 దాకా సీసా ఫ్యాక్టరీ ధర 969 యువాన్లు ఉండేది, కంపెనీ చెప్పిన రిటైల్ ధర 1,499. బయట అంతకంటే ఎంతో ఎక్కువకు పోయేది. ఈ తేడా వల్ల డీలర్‌షిప్ అంటేనే బంగారు గని అయింది. వాటిని పంచిపెట్టిన ఛైర్మన్ యువాన్ రెన్‌గువోకి 2021లో యావజ్జీవం పడింది. విచిత్రం ఏమిటంటే, ఆయన హయాంలో షేరు ఎన్నో రెట్లు పెరిగింది. దెబ్బ తగిలింది మాత్రం 2012 డిసెంబరులో ప్రభుత్వ విందుల మీద ఆంక్షలు వచ్చినప్పుడు. 2025 మేలో అధికారిక భోజనాల్లో మద్యం వద్దన్నప్పుడు మళ్లీ అదే కథ. 2023లో ఆసుపత్రుల్లో లంచాల మీద దాడులు మొదలుపెడితే ఫార్మా షేర్లన్నీ కలిసి పడ్డాయి.

మీది ఫండ్ కాబట్టి ఒక్క హువారోంగ్ వల్ల మొత్తం మునగదు, అది నిజం. పైగా గ్రేటర్ చైనా అన్నాక తైవాన్ కూడా కలుస్తుంది. ఫండ్ వివరాలుండే ఫ్యాక్ట్‌షీట్ తీసి మొదటి పది షేర్లు చూడండి, తైవాన్ చిప్‌ల కంపెనీ టీఎస్ఎంసీ పై వరుసలోనే ఉండొచ్చు. దానికీ బీజింగ్ క్రమశిక్షణ సంఘానికీ సంబంధం లేదు. అందుకే పూర్తిగా బయటికి వచ్చేయమని చెప్పడం లేదు.

16 లక్షల్లో 3.6 లక్షలంటే 22 శాతం దాటింది. నా లెక్కలో ఇలాంటి ఒక్క దేశం ఫండ్‌కు 5 శాతం చాలు, అంటే 80 వేలు. మిగతా 2.8 లక్షలు అమ్మేసి పాప ఫీజుల కోసం పక్కన పెట్టండి, సగం బ్యాంకు ఎఫ్‌డీ, సగం షార్ట్ డ్యూరేషన్ డెట్ ఫండ్ (తక్కువ కాలం బాండ్లలో పెట్టే ఫండ్). ఆ డబ్బుకు తేదీ ఉంది, బీజింగ్‌లో ఎవరు దొరికినా కాలేజీ వాళ్లు గడువు పెంచరు. మీ బావమరిదికి అంత నమ్మకం ఉంటే తన డబ్బు పెట్టుకోమనండి.

ఒకటి గుర్తుంచుకోండి. మన ఫండ్లు విదేశాల్లో పెట్టగలిగేదానికి మొత్తంగా 700 కోట్ల డాలర్ల పరిమితి ఉంది. 2022లో అది నిండబోతోందని కొత్త డబ్బు తీసుకోవడం ఆపించారు. కాబట్టి అమ్మాక మళ్లీ కావాలనుకున్నప్పుడు తలుపు మూసి ఉండొచ్చు. మీ పరిస్థితిలో దానికి టెన్షన్ పడక్కర్లేదు.

పన్ను పెద్దగా లేదు. 24 నెలలు దాటింది కాబట్టి లాభం మీద 12.5 శాతం. 2.8 లక్షల్లో మీ లాభం ఎనిమిది వేల లోపే, సెస్‌తో కలిపి సుమారు వెయ్యి రూపాయలు కట్టాలి. దేశీ ఈక్విటీ ఫండ్లకు ఉండే 1.25 లక్షల మినహాయింపు దీనికి వర్తించదు. ఇది మన దేశంలో నమోదైన ఫండ్ కాబట్టి విదేశీ ఆస్తుల షెడ్యూల్ నింపే పని లేదు. రిటర్న్ మాత్రం ఐటీఆర్-1లో కాకుండా ఐటీఆర్-2లో వేయండి.