బెర్రీ మూస్ ఇంట్లో చేయాలనుంటే స్ట్రాబెర్రీ వదిలి నేరేడు పట్టుకోండి

"ఇంట్లో స్ట్రాబెర్రీ మూస్ చేశాను, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టినా జారుగానే ఉంది. జెలటిన్ వాడకుండా గట్టిపడే మార్గం ఉందా?" అని ఒకరు అడిగారు. ఉంది. గిలక్కొట్టిన క్రీమ్‌లో పండు గుజ్జు కలిపి చేసే ఈ మెత్తటి చల్లటి తీపి హైదరాబాద్ ఎండల్లో కూడా కుదురుతుంది. మా ఇంట్లో జెలటిన్ అడుగుపెట్టదు. జంతువుల ఎముకల నుంచి, తోలు నుంచి తీస్తారని తెలిశాక మా అత్తమ్మ దాని ఊసే ఎత్తనివ్వదు.

ముందు మీ క్రీమ్ ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి. కొవ్వు 25 శాతం అని ఉంటే అది కూరల్లో వేసుకునే ఫ్రెష్ క్రీమ్. దాన్ని తెల్లవార్లూ గిలక్కొట్టినా నిలబడదు. 30 శాతానికి తగ్గని విప్పింగ్ క్రీమ్ కావాలి, 35 ఉంటే ఇంకా మంచిది. ఇళ్లలో మూస్ జారిపోయిందంటే చాలాసార్లు ఇదే కారణం. ఇంకో సంగతి. బేకరీ సామాన్ల దుకాణంలో విప్పింగ్ క్రీమ్ అడిగితే చాలాసార్లు నాన్ డెయిరీది చేతిలో పెడతారు. అది వనస్పతి నూనెతో చేసేది. బాగా పొంగుతుంది కానీ తిన్నాక నాలుక మీద జిడ్డు మిగులుతుంది. క్రీమ్ అడిగిన మనిషికి చెప్పకుండా నూనె అమ్మడం నా దృష్టిలో మోసమే.

ఇక పండు సంగతి. మనకు స్ట్రాబెర్రీ ఎక్కువగా మహాబలేశ్వర్ నుంచి వస్తుంది, అదీ చలికాలంలో. ఎండలు ముదిరాక దొరికేది చూశారా? డబ్బాలో పై వరస నిగనిగలాడుతుంది, కింది వరస మెత్తబడి నీరు కారుతుంటుంది. తీపీ ఉండదు, వాసనా ఉండదు. పండులో రుచి లేనప్పుడు మూస్‌లో మిగిలేది చల్లటి మీగడే. అందుకే జూన్‌లో నేరేడు పండ్ల బండ్లు కనిపించగానే వాటితో చేయండంటాను.

ఆ మధ్య మా ఆడపడుచు పిల్లలు సెలవులకొచ్చి స్ట్రాబెర్రీ మూస్ కావాలని పట్టుబట్టారు. అప్పుడే మా మల్కాజిగిరి సందులోకి నేరేడు బండి వచ్చింది. పండ్లు కడుగుతుంటే అత్తమ్మ వచ్చి కూర్చుంది. "ఆ గిన్నె ఇటియ్యి బిడ్డా. మిక్సీల ఏస్తే గింజ నలిగి అంత చేదైతది" అని పెద్ద కన్నాల జల్లెడలో పండ్లు పోసి అరచేత్తో రుద్దడం మొదలుపెట్టింది. కింద గిన్నెలోకి ఊదారంగు గుజ్జు ముద్దముద్దగా దిగింది, పైన గింజలు, తొక్కల పిప్పి మిగిలాయి. ఆమె మణికట్టు దాకా అదే రంగు. గుజ్జులో పంచదార, చిటికెడు ఉప్పు వేసి సన్నమంట మీద పెట్టాం. గరిటెతో అడుగున గీత గీస్తే ఆ దారి ఒక్క క్షణం పూడకుండా నిలవాలి. అప్పటికి పచ్చి వగరు తగ్గుతుంది, మిగిలిన వగరు క్రీమ్‌లో కలిసి అణిగిపోతుంది. పండుని దగ్గరగా ఉడికించి మీగడ జోడించడం మన ఊరికి కొత్తేం కాదు, ఎండు ఆప్రికాట్లతో ఖుబానీ కా మీఠా చేసేది అలాగే కదా! ఈమధ్య పెళ్లిళ్లలో దాని మీద మీగడ మానేసి ఐస్‌క్రీమ్ ముద్ద వేస్తున్నారు. నాకది అస్సలు నచ్చదు, పండు రుచంతా చచ్చిపోతుంది.

గట్టిపడటానికి చైనా గ్రాస్ వాడండి. సముద్రపు నాచు నుంచి వచ్చేదే, బేగంబజార్‌లో దొరుకుతుంది. కప్పు గుజ్జుకి అర టీస్పూను పొడి చాలు. పావు కప్పు నీళ్లలో వేసి రెండు మూడు నిమిషాలు తెర్లనివ్వాలి, ఊరికే వేడినీళ్లలో కలిపితే కరగదు. జెలటిన్‌తో చేసింది 35 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, మన మే నెలలో బల్ల మీద పెట్టేలోపే నీరు. చైనా గ్రాస్ అయితే ఒకసారి గట్టిపడ్డాక 85 డిగ్రీల దాకా కరగదు. కాకపోతే 40 డిగ్రీలకు దిగేసరికే బిగుసుకోవడం మొదలవుతుంది. అందుకే చల్లారిన గుజ్జులో పోయకూడదు, దారాల్లా ఉండలు కడుతుంది. గుజ్జు వేడిగా ఉన్నప్పుడే కలిపి, వేలికి గోరువెచ్చగా తగలగానే గిలక్కొట్టిన క్రీమ్ ఒక గరిటెడు వేసి కలపండి. తర్వాత మిగతా క్రీమంతా వేసి అడుగు నుంచి పైకి మెల్లగా తిప్పండి. కప్పు గుజ్జుకి కప్పు క్రీమ్. క్రీమ్ కొట్టే గిన్నె, బీటర్ పుల్లలు ముందే ఫ్రీజర్‌లో పెట్టి ఉంచాలి.

గ్లాసుల్లో పోసి ఫ్రిజ్‌లో మూడు గంటలు ఉంచితే చాలు, రాత్రంతా అక్కర్లేదు. తొందరపడి ఫ్రీజర్‌లో పెడితే మంచు పలుకులు కడుతుంది. మా పిల్లలైతే గ్లాసులు నాకి, రెండోది అడిగారు. జులై దాటితే నేరేడు దొరకదు కాబట్టి గుజ్జు కాస్త ఎక్కువే ఉడికించి, డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో దాచుకోండి, దసరాకి కూడా చేసుకోవచ్చు.