కొత్త ఫిజియోకు వార్డు భయం: సమాధానం

చెల్లెమ్మా, బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) అయ్యి తిరుపతిలో ఆసుపత్రిలో చేరిన రెండో వారంలోనే, పక్షవాతం వచ్చిన పెద్దాయన్ను కూర్చోబెడితే ఆయనకు కళ్లు తిరిగాయని, అప్పటినుంచి వార్డుకెళ్లాలంటే టెన్షన్‌గా ఉందని రాశావు. అది నీ చేతకానితనం కాదమ్మా. రోజుల తరబడి పడుకున్నవాళ్లు లేస్తే రక్తం కాళ్లలోకి దిగి బీపీ పడిపోతుంది.

ముందు కేస్ షీట్ చదువు, నర్సును ఒక మాట అడుగు. పడుకున్నప్పుడే బీపీ చూడు. మంచం తల వైపు మెల్లగా ఎత్తి, కాసేపు ఆగి, కాళ్లు కిందికి దించి కూర్చోబెట్టాక మళ్లీ చూడు. 3 నిమిషాల్లో పై బీపీ 20 తగ్గినా, కింది బీపీ 10 తగ్గినా, కళ్లు తిరుగుతున్నాయన్నా పడుకోబెట్టేసి డ్యూటీ డాక్టరుకు చెప్పు. అంకెలు షీట్‌లో రాయి.

పక్షవాతంతో చచ్చుబడిన చేతిని పట్టుకుని మాత్రం ఎప్పుడూ లాగొద్దు, భుజం కీలు దెబ్బతింటుంది. చెయ్యి లాగకుండా ఎలా లేపాలో ఇంటివాళ్లకూ చేసి చూపించు. నువ్వు వెళ్లిపోయాక ఆయన్ను లేపేది వాళ్లే.

కొత్తలో నేను సీనియర్లను అడగడానికి మొహమాటపడి చాలా నష్టపోయాను. నువ్వు రేపు పొద్దున్నే వెళ్లి అడుగు. మొదటి రెండు మూడుసార్లు పక్కన నిలబడమను.

జీతం తక్కువన్నావు కదా, మీ తిరుపతిలోనే ఉన్న స్విమ్స్, బర్డ్ ఆసుపత్రుల ఉద్యోగ నోటిఫికేషన్లు చూస్తూ ఉండు.