పాత ఎయిర్‌హెడ్‌లోకి వెయ్యి సీసీ ఇంజన్

ప్రశ్న: నా దగ్గర 1975 నాటి బీఎండబ్ల్యూ ఆర్60/6 మోటారుసైకిల్ ఉంది. రెండు పక్కలా సామాను పెట్టెలు తగిలించి, వెనుక ఒక మనిషిని ఎక్కించుకుని ఘాట్ రోడ్డు ఎక్కాలంటే 600 సీసీ ఇంజన్‌కు ఆయాసం వస్తోంది. 1982 నాటి ఆర్100ఆర్‌టీ నుంచి దించిన ఇంజన్ ఒకటి అమ్మకానికి ఉంది. రెండు పొడవాటి బోల్టులు లాగితే పాతది దిగుతుందనీ, అవే బోల్టులతో కొత్తది కూర్చుంటుందనీ అమ్మే ఆయన చెబుతున్నారు. ఈ మాట నమ్మవచ్చునా?

జవాబు: ఫ్రేము వరకు అయితే నమ్మవచ్చు. 1969లో వచ్చిన /5 శ్రేణి నుంచి బీఎండబ్ల్యూ గాలితో చల్లబడే, రెండు సిలిండర్లు చెరో పక్కకు ఉండే తన బాక్సర్ ఇంజన్లకు (ఎయిర్‌హెడ్లంటే ఇవే) క్రాంక్‌కేస్, అంటే ఇంజన్ ప్రధాన పెట్టె, రూపురేఖలను దాదాపు ఒకేలా ఉంచింది; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం కూడా, ఆర్45, ఆర్65 లాంటి చిన్న ఇంజన్లు తప్ప అన్నింటికీ 70.6 మిల్లీమీటర్లే. మీ 600లో బోరు, అంటే సిలిండరు లోపలి వ్యాసం, 73.5 మిల్లీమీటర్లు, ఆర్100లో 94. తేడా అంతా సిలిండర్లలోనూ వాటి చుట్టూ ఉన్న సామగ్రిలోనూ ఉంది కనుక, ఇద్దరు మనుషులు పట్టుకుంటే ఇంజన్ మీ ఫ్రేములో ఇబ్బంది లేకుండా కూర్చుంటుంది. చిక్కులు మొదలయ్యేది ఇంజన్ వెనుక భాగంలో, అంటే అది గేర్‌బాక్సును కలుసుకునే చోట.

1981 మోడల్‌తో బీఎండబ్ల్యూ ఇంజన్ వెనుక తిరిగే బరువైన పాత చక్రాన్ని, అంటే ఫ్లైవీల్‌ను, తీసేసి తేలికపాటి క్లచ్‌ను పెట్టింది. దానితోపాటు క్లచ్ నుంచి శక్తిని అందుకునే గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు కూడా మారింది. కాబట్టి 1982 ఇంజన్ మీ 1975 గేర్‌బాక్సుతో నేరుగా జత కుదరదు. అమ్మే ఆయన దగ్గర ఆ బండి గేర్‌బాక్సు కూడా ఉంటే ఇంజన్, క్లచ్, గేర్‌బాక్సు మూడూ కలిపి తీసుకోండి. గేర్లు మునుపటికంటే మెత్తగా పడతాయి. మీ పాత గేర్‌బాక్సుకు కిక్ స్టార్టరు ఉండి ఉంటే మాత్రం దాన్ని వదులుకోవలసి వస్తుంది. గేర్‌బాక్సు దొరకని పక్షంలో 1977–80 మధ్య తయారైన ఆర్100 ఇంజన్ కోసం వెతకడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అందులో పాత పద్ధతి క్లచ్చే ఉంటుంది. అప్పుడు కూడా ఫ్లైవీల్, క్లచ్, స్టార్టరు మూడూ ఒకే బండివి కావాలి. డెబ్బైల మధ్యలో ఫ్లైవీల్ పళ్ల సంఖ్య మారింది. పళ్లు కలవని స్టార్టరు మొదట కీచుమంటుంది, కొన్నాళ్లకు ఆ పళ్లనే తినేస్తుంది.

కార్బురేటర్ల సంగతి సులభం. మీ బండివి 26 మిల్లీమీటర్ల స్లైడు రకం బింగ్ కార్బురేటర్లు. ఆర్100ఆర్‌టీవి 40 మిల్లీమీటర్ల వాక్యూమ్ రకం. పాతవి పనికిరావు. ఎయిర్ ఫిల్టరు పెట్టె కూడా 1981లో మారింది కనుక దాన్ని, దాని రబ్బరు గొట్టాలను ఇంజన్‌తోపాటే అడిగి తీసుకోండి. ఇగ్నిషన్ కూడా అంతే: 1981 నుంచి నిప్పురవ్వ కోసం కరెంటును తెంపే పాయింట్లు పోయి ఎలక్ట్రానిక్ పద్ధతి వచ్చింది, కాబట్టి కంట్రోల్ యూనిట్, కాయిళ్లు, వాటి వైర్ల గుత్తి లేకుండా ఇంజన్ మాత్రమే కొంటే సగం కొన్నట్టే. మీ మీటర్లలో ఇంజన్ వేగం చూపే టాకోమీటరు కేబుల్‌తో తిరిగేది; 1982 ఇంజన్‌లో ఆ కేబుల్‌కు చోటే లేదు.

ఇక ఎవరూ ముందుగా అడగని విషయం బ్రేకులు. ఆర్60/6 ముందు చక్రానికి డ్రమ్ బ్రేకే ఉంటుంది. 40 హార్స్‌పవర్ బండికి, పద్ధతిగా సర్దుబాటు చేస్తే, అది చాలు. ఆర్100ఆర్‌టీ ఇంజన్ ఇచ్చేది 70. ఆ శక్తితో సామాను, మనిషి, దిగుడు రోడ్డు కలిసినప్పుడు వేడెక్కిన డ్రమ్ పట్టు సడలుతుంది. ముందు ఫోర్కు, చక్రం, డిస్కు బ్రేకు మార్చనిదే ఈ ఇంజన్‌ను ఎక్కించమని నేను చెప్పను. ఆ మార్పు అక్కరలేదని మీరనుకుంటే 50 హార్స్‌పవర్ ఆర్75/6 ఇంజన్ గురించి ఆలోచించండి; మీ గేర్‌బాక్సును కదపనవసరం లేకుండా ఘాట్ రోడ్డు మీద తేడా తెలుస్తుంది, అయినా ముందు డ్రమ్ బ్రేకును మాత్రం నిక్కచ్చిగా ఉంచుకోవలసిందే.

కొనే ముందు 1982 ఇంజన్‌లో ఎగ్జాస్టు వాల్వులను చూడండి. 1980ల మొదటి సగంలోని హెడ్లలో వాల్వు సీటు సరిగా వేడి వదలక, వాల్వు క్రమంగా లోపలికి దిగిపోయే జబ్బు ఉండేది. 1985 నుంచి సీట్లు మెరుగుపడ్డాయి. ఎగ్జాస్టు వాల్వు సందు 0.20 మిల్లీమీటర్లు ఉండాలి. సర్దిన కొద్ది వందల కిలోమీటర్లకే ఆ సందు మూసుకుపోతోందని పాత యజమాని ఒప్పుకుంటే, సీట్ల మార్పిడి ఖర్చును ఇంజన్ ధరలోంచి తగ్గించి బేరమాడండి. ఎడమవైపు ఆయిల్ కొలపుల్ల పైన ఉండే ఇంజన్ నంబరును పత్రాలతో పోల్చుకోండి. ఈ బండ్లకు ఫ్యాక్టరీలో ఇంజన్ నంబరూ ఫ్రేము నంబరూ ఒకటే కొట్టేవారు. మార్చిన తరువాత అవి కలవవు కనుక రిజిస్ట్రేషన్‌లో మార్పు నమోదు చేయించాలి, పాత ఇంజన్‌ను అమ్ముకోకుండా దాచుకోవాలి.

ప్రశ్న: నేను ఇదే రకం మార్పిడి మొదలుపెట్టి క్లచ్ విప్పాను. ఫ్లైవీల్ బోల్టులు ఐదూ తీసేశాక, ఇంజన్ ముందు భాగాన్ని కిందకు వంచకూడదని ఒక మెకానిక్ అన్నారు. ఎందుకు?

జవాబు: ఆయన మంచి సలహా ఇచ్చారు. ఈ ఇంజన్లో క్రాంక్‌షాఫ్టు ముందుకు జరగకుండా పట్టి ఉంచేది ఫ్లైవీలే. అది తీసేయగానే షాఫ్టు స్వేచ్ఛగా ముందుకు జారగలదు; జారితే వెనుక మెయిన్ బేరింగుకు లోపలి పక్కన, రెండు చిన్న పిన్నుల మీద ఆనుకుని ఉన్న థ్రస్టు వాషరు పిన్నుల నుంచి తప్పుకుని కిందకు దిగుతుంది. ఇది బయటికి కనబడదు. తెలియక ఫ్లైవీల్‌ను బిగిస్తే షాఫ్టు వెనక్కి లాగబడి, ఆ వాషరు పిన్నుల మీద నలుగుతుంది.

మామూలుగా బోల్టులు విప్పడానికి ముందే ముందువైపు ఆల్టర్నేటరు రోటరు బోల్టుకూ, దానిపైని మూతకూ మధ్య సరిపడా ఒక ముక్కను అడ్డం పెట్టి మూత బిగిస్తారు, షాఫ్టు కదలలేదు. ఆ మూత తీసేముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి తీరాలి, లేకపోతే మూత అంచు లోపల ఉన్న డయోడ్ బోర్డు అనే విద్యుత్ పలకకు తగిలి షార్టవుతుంది. మీరు ఇప్పటికే విప్పేశారు కనుక, ఇంజన్‌ను సమతలంగా ఉంచి ముందు ఆ అడ్డు పెట్టండి. షాఫ్టు కదిలిందన్న అనుమానం ఉంటే ఫ్లైవీల్‌ను చేత్తో బిగించగలిగినంతే, ఎదురెదురు బోల్టులుగా, కొద్దికొద్దిగా బిగిస్తూ మధ్య మధ్యలో షాఫ్టును తిప్పి చూడండి. ఏ మాత్రం బిగుసుకున్నా అక్కడే ఆపండి. బలవంతపెట్టకుండా ఇంజన్‌ను విప్పించి వాషరును మళ్ళీ పిన్నుల మీద కూర్చోబెట్టించాలి. అంతా సరిగా ఉంటే చివరి బిగింపు తరువాత షాఫ్టు ముందువెనుకల ఆట 0.08 నుంచి 0.15 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి.

మరొకటి, బోల్టులు ఐదూ సమదూరంలో ఉండడం వల్ల ఫ్లైవీల్ ఐదు రకాలుగా ఎక్కుతుంది; కుదిరే స్థానం ఒక్కటే. పిస్టన్ పై మృతబిందువు వద్ద, అంటే సిలిండరు హెడ్ వైపు చివరంటా చేరినప్పుడు, ఇంజన్ పక్కనున్న చిన్న కిటికీలో ఓటీ గుర్తు కనబడాలి. పాత బోల్టులను మళ్ళీ వాడకండి.

ప్రశ్న: ఇంజన్ మార్చాక వెనుక డ్రైవు మార్చక తప్పదా?

జవాబు: తప్పనిసరి కాదు, కానీ మారిస్తేనే దూర ప్రయాణంలో సుఖం. వెనుక డ్రైవు అంటే షాఫ్టు నుంచి వెనుక చక్రానికి శక్తినిచ్చే గేర్ల పెట్టె; షాఫ్టు ఎన్నిసార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుందో చెప్పేది దాని నిష్పత్తి. ఆర్60/6ది 3.36, పెద్ద ఇంజన్లకు బీఎండబ్ల్యూ వాడినది 3.00 ప్రాంతంలో. పాత డ్రైవుతో 4500 ఆర్‌పీఎం అవసరమైన వేగానికి 3.00తో సుమారు 4000 చాలు. అయితే స్పీడోమీటరు కేబుల్ గేర్‌బాక్సు నుంచి వస్తుంది కనుక డ్రైవు మార్చగానే ముల్లు అబద్ధం చెబుతుంది: నిజమైన వేగం చూపించే దానికంటే 12 శాతం ఎక్కువగా ఉంటుంది, ముల్లు 80 మీద ఉన్నప్పుడు మీరు 90లో పోతుంటారు. మీటరు ముఖం మీద చిన్న అక్షరాలతో డబ్ల్యూ అన్న గుర్తు, దాని పక్కన ఒక అంకె ఉంటాయి; కొత్త నిష్పత్తికి తగిన అంకె ఉన్న మీటరును తెచ్చుకోండి, లేదా ఉన్నదాన్ని ఆ నిష్పత్తికి సరిచేయించండి. డ్రైవును మాత్రం వెనుక రెండు షాక్‌లున్న బండి నుంచే ఎంచుకోండి. ఒకే షాక్ ఉన్న బండ్లది మీ స్వింగ్ ఆర్ముకు, అంటే వెనుక చక్రాన్ని పట్టి ఉంచే చేతికి, సరిపోదు.